బియర్డీకి రాత్రి పూట లైటు, వేడి: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళలో ఎలా సర్దుకోవాలి

ముందు ఆ జీరో బల్బు ఆర్పేయండి. బియర్డీ ఉండే ట్యాంకులో పెట్టిందైనా సరే, మీరు పడుకునే గదిలో రాత్రంతా వెలిగేదైనా సరే, ఎర్రది, నీలిది, ఆకుపచ్చది ఏ రంగుదైనా సరే. బియర్డీ, అంటే బియర్డెడ్ డ్రాగన్, పగలు తిరిగి రాత్రి పడుకునే బల్లిజాతి జంతువు, దానికి రాత్రంటే చీకటే కావాలి. ఈ ఒక్క విషయం ఒప్పుకుంటే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది, ఎందుకంటే "నైట్ సెట్" అని అంటగట్టే సామాన్లలో చాలావరకు మన ఊళ్ళలో పనికిరావు.

ఇంకో మాట. ఇంటర్నెట్లో రాత్రి వేడి గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా చలిదేశాల వాళ్ళు. వాళ్ళకి హీటర్ ఆపితే ట్యాంకు చల్లబడిపోతుందన్న భయం ఉంటుంది, అది వాళ్ళకి న్యాయమే. మనకి కళింగపట్నం వైపో, భావనపాడు వైపో జనవరి తెల్లవారుజామున బయట 17, 18 డిగ్రీలు ఉన్నా తలుపులు వేసిన శ్లాబ్ ఇంట్లో 20 పైనే ఉంటుంది. మన గొడవ వేరు: తేమ, ఉక్క, కరెంటు. కాబట్టి వాళ్ళ లెక్కలు పక్కనపెట్టి మన ఇంటి లెక్కలు చూద్దాం.

ఈ జంతువు సొంత ఊరు మధ్య ఆస్ట్రేలియా, ఎండిన నేలలు. అక్కడ పగలు మండిపోతుంది, రాత్రి బాగా చల్లబడుతుంది, ఆలిస్ స్ప్రింగ్స్‌లో జులై రాత్రుల సగటు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అలాగని మన ట్యాంకునీ అంత చలిలో వదిలేయమని కాదు, అక్కడ అవి ఆ కాలంలో నేలలోకో చెట్టు తొర్రలోకో దూరి కదలకుండా ఉండిపోతాయి. తేలేది ఏమిటంటే, పగటికీ రాత్రికీ తేడా ఉండటం దాని ఒంటికి అలవాటే. రాత్రి కూడా పగటిలాగే 30 డిగ్రీలు ఉంచాలని తాపత్రయపడక్కర్లేదు.

మొదట గదిని కొలవండి

హీటర్ కొనే ముందు థర్మామీటర్ కొనండి. కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ రకం, తేమ కూడా చూపించేది, ఆన్‌లైన్లో తక్కువ ధరకే దొరుకుతుంది. రెండు కొనండి. ఒకటి లైటు కింద వేడి పక్కన, ఒకటి చల్ల పక్కన, బియర్డీ పడుకునే ఎత్తులో కట్టండి. ట్యాంకు పైమూతకి అతికిస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు. కొన్ని రాత్రులు ఏ హీటరూ లేకుండా వదిలేసి పొద్దున్నే కనిష్ఠం ఎంత చూపించిందో రాసుకోండి. మామూలు రాత్రుల్లో కాదు, బాగా చలిగా ఉన్న రాత్రుల్లో.

కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన నుదుటి మీద పెట్టే గన్ ఉంది కదా అని దాంతో రాయిని కొలవకండి. అది మనిషి ఒంటి వేడి పరిధిలోనే పని చేస్తుంది, బయటికి పోతే "లో" అనో "హై" అనో చూపించి ఊరుకుంటుంది. వస్తువుల మీద వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ వేరే.

ఇక అంకెలు. పెద్ద బియర్డీకి రాత్రి 18 నుంచి 24 మధ్య ఉంటే చాలు, ఏమీ పెట్టక్కర్లేదు. ఒకటీ అరా రాత్రి తెల్లవారుజామున కాసేపు 16, 17కి దిగినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద జంతువుకి ఏమీ కాదు, టెన్షన్ పడకండి. రోజూ 18 కిందకే పోతుంటే అప్పుడు వేడి పెట్టాలి. ఆరు నెలల లోపు పిల్లలకి 21 తగ్గకుండా చూసుకోండి. జబ్బు పడి లేచినదానికి డాక్టర్ ఎంత చెప్తే అంత.

ఇల్లు బట్టి చాలా మారుతుంది. పైన శ్లాబ్ ఉన్న ఇల్లు పగలు తాగిన వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. రేకుల ఇల్లు పొద్దుగూకగానే చల్లబడిపోతుంది. సీతంపేట కొండల వైపు, సాలూరు, పాచిపెంట వైపు ఉన్నవాళ్ళకి సముద్రపు ఒడ్డు లెక్క పనికిరాదు, అక్కడ నిజంగానే హీటర్ కావాల్సి వస్తుంది. ఒకే ఇంట్లో కూడా ట్యాంకు నేల మీద ఉంటే ఒక లెక్క, రెండున్నర అడుగుల బల్ల మీద ఉంటే ఒక లెక్క, చల్లగాలి కిందకే దిగుతుంది కాబట్టి. బల్ల మీదే పెట్టండి, కిటికీకి దూరంగా. బల్ల కాళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెడితే చీమలు కూడా ఎక్కవు, మన అమ్మమ్మలు బెల్లం అలమర కాపాడుకున్న పద్ధతే.

కాలం గుర్తుకి ఒక సులువు. పైడితల్లమ్మ సిరిమాను వెళ్ళాక థర్మామీటర్ మీద కన్నేయడం మొదలుపెట్టండి, నెలగంట పెట్టిన రోజుల్లోకల్లా హీటర్ బిగించి సిద్ధంగా ఉంచండి. అరసవల్లిలో రథసప్తమి అయ్యేసరికి పట్టు సడలుతుంది, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, అప్పుడు తీసి డబ్బాలో పెట్టేయండి. మైదానంలో ఉన్నవాళ్ళకి ఏడాది మొత్తంలో హీటర్ అవసరం ఆ కొన్ని వారాలే, అదీ కొన్ని ఇళ్ళకే.

చీకటి ఎందుకు, ఎలా

బియర్డీ నడినెత్తిన, రెండు కళ్ళకీ కాస్త వెనగ్గా, చిన్న పొలుసు ఒకటి మిగతావాటికన్నా పాలిపోయి కనిపిస్తుంది. అది మూడో కన్ను. బొమ్మలు చూడలేదు గానీ వెలుతురు, చీకటి, పైనుంచి పడే నీడ తెలుసుకుంటుంది. అందుకే రెండు కళ్ళూ మూసుకున్నా దానికి మీ గది లైటు వెలిగిందో లేదో తెలుస్తుంది. ఎరుపు రంగు బల్లులకి కనిపించదని అమ్మేవాళ్ళు చెప్తారు, నమ్మకండి. బియర్డీకి రంగులు బాగా కనిపిస్తాయి, ఎరుపూ కనిపిస్తుంది. "మూన్‌లైట్" అని అమ్మే నీలి బల్బుదీ అదే కథ.

దీని నిద్ర మామూలు కునుకు కాదు. 2016లో జర్మనీలోని ఒక మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు ఈ బియర్డెడ్ డ్రాగన్ల మెదడు తరంగాలు కొలిచి, మనకున్నట్టే వీటికీ గాఢనిద్ర, కళ్ళు కదిలే నిద్ర రెండూ ఉన్నాయని చూపించారు. మనకి ఆ చక్రం గంటన్నర పడితే వీటికి దాదాపు 80 సెకన్లే. రాత్రంతా అలా వందలసార్లు తిరుగుతుంది. దాని మధ్యలో మీరు ఫోన్ టార్చి వేసి "పడుకుందా లేదా" అని చూడటం మానేయండి.

చీకటి చేయడం ఎలాగంటే, టీవీ ఉన్న హాల్లో ట్యాంకు పెట్టకండి, మన ఇళ్ళలో సీరియళ్ళు, న్యూస్, క్రికెట్ అన్నీ అయ్యేసరికి ఎంతవుతుందో మీకు తెలుసు. వేరే చోటు లేకపోతే ముందు గాజుకీ పక్క గాజులకీ ముదురు రంగు కాటన్ గుడ్డ వేలాడదీయండి. పైన మాత్రం కప్పకండి, గాలి ఆడాలి, హీటర్ ఉంటే గుడ్డ అంటుకునే ప్రమాదం కూడా. వీధి దీపం కిటికీలోంచి ట్యాంకు మీద పడుతుందేమో ఒక రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆపి చూడండి. దేవుడి గదిలో దీపం, అక్కడి చిన్న ఎల్ఈడీ దండ, ఇన్వర్టర్ మీద పచ్చ లైటు, ఇవన్నీ చీకట్లో లెక్కకొస్తాయి. దీపావళికి బాల్కనీలో సీరియల్ లైట్లు వేస్తే ఆ వారం గుడ్డ ఇంకో పొర.

టైమర్, సాయంత్రం పనులు

పగలు దానికి రెండు వెలుగులు ఉంటాయి, ఎండకాగే చోట వేడి బల్బు, ఎండలోలాంటి అతినీలలోహిత కిరణాలిచ్చే పొడవాటి యూవీబీ ట్యూబు. రాత్రి రెండూ ఆగిపోవాలి. యూవీబీ రాత్రి ఉంచితే ఎక్కువ విటమిన్ వస్తుందనుకునేవాళ్ళు ఉన్నారు, అలా కాదు, నిద్ర పోతుంది, ట్యూబు ఆయుష్షూ పోతుంది. మన దగ్గర పగటి పొడవు డిసెంబరులో 11 గంటలు, జూన్‌లో 13 గంటల పైచిలుకు. దాన్నే అనుసరించండి: చలికాలం 11, ఎండాకాలం 13. వేడి బల్బు ఓ అరగంట ముందు ఆగి, యూవీబీ తర్వాత ఆగేలా పెడితే సాయంత్రం పడ్డట్టు ఉంటుంది, దానికే అర్థమై పడుకునే చోటికి పోతుంది.

టైమర్ విషయంలో మన ఊళ్ళకి ఒక చిక్కుంది. చుట్టూ చిన్న పళ్ళుండి గుండ్రంగా తిరిగే చవక టైమర్ కరెంటుతోనే తిరుగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే అది రెండు గంటలు నిలబడిపోతుంది, ఆ రోజు లైటు ఆరున్నరకి బదులు ఎనిమిదిన్నరకి ఆగుతుంది. మర్నాడు ఇంకో గంట పోతే ఇంకో గంట వెనక్కి. వానాకాలంలో పట్టించుకోకుండా వదిలేస్తే కొన్నాళ్ళకి అర్ధరాత్రి దాకా లైటు వెలుగుతూ, పొద్దున పదింటికి కూడా ట్యాంకు చీకటిగా ఉంటుంది, మీరేమో బియర్డీ మందకొడిగా ఉందని కంగారుపడతారు. లోపల బ్యాటరీ ఉండి కరెంటు పోయినా గడియారం నడిచే డిజిటల్ టైమర్ కొనండి. పళ్ళ టైమరే ఉంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ తిప్పి సరిచేయడం తప్పదు.

లైటు ఆగే ముందు రెండు గంటల్లో పురుగులు వేయకండి. తిన్నది అరగడానికి దానికి పైనుంచి వేడి కావాలి, చల్లటి పొట్టలో పురుగులు అలాగే ఉండిపోతే జబ్బు. మిగిలిపోయిన క్రికెట్లు (కీచురాళ్ళు), బొద్దింకలు ఒక్కటి కూడా లేకుండా ఏరేయండి. చీకట్లో అవే వచ్చి నిద్రపోతున్న బియర్డీ కాలివేళ్ళు, కనురెప్పల దగ్గర కొరుకుతాయి. తోటకూర, మునగాకు మిగిలితే అవీ తీసేయండి, తేమ పెంచుతాయి. నీళ్ళ గిన్నె కూడా వానాకాలం రాత్రుళ్ళు బయటే. స్నానం చేయించే అలవాటుంటే పొద్దున చేయించండి, లైటు కింద ఆరడానికి పగలంతా ఉంటుంది. సాయంత్రం తడిపి చీకట్లో వదిలేస్తే ఊపిరితిత్తుల జబ్బుని మీరే పిలిచినట్టు.

పల్లెల్లో ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా. వానాకాలం లైటు చూసి ఉసిళ్ళు, రకరకాల పురుగులు ఇంట్లోకి వస్తాయి, చెరువు గట్టు దగ్గరి ఇళ్ళలోకి మిణుగురులు కూడా. మిణుగురులో ఉండే విషం బియర్డీకి ఒక్క పురుగుతోనే ప్రాణం మీదకి తెస్తుంది. మెరుస్తూ కనిపిస్తే అది ఆగదు, గబుక్కున నాకేస్తుంది. మూతకి సన్నటి స్టీలు మెష్ ఉండాలి, సందులు ఉండకూడదు.

హీటర్ కావాల్సిందే అని తేలితే

సిరామిక్ హీట్ ఎమిటర్ కొనండి. బల్బులా హోల్డర్లో బిగుస్తుంది, వేడి ఇస్తుంది, వెలుగు ఇవ్వదు. హీట్ రాక్ అని అమ్మే వేడి రాయి వద్దు, బియర్డీకి కింద నుంచి వచ్చే వేడి సరిగ్గా తెలియదు, పొట్ట కాలుతున్నా అలాగే పడుకుంటుంది. కింద పరిచే హీట్ మ్యాట్ కూడా అందుకే వద్దు.

ఎన్ని వాట్లు? నాలుగడుగుల ట్యాంకుకి మన చలికి 60 వాట్లు సరిపోతుంది. "పెద్దది కొంటే మంచిదిలే" అని 150 తెచ్చుకునేవాళ్ళు ఒకటి ఆలోచించాలి: వేడి చూసి హీటర్‌ని వెలిగించి ఆర్పే థర్మోస్టాట్‌లో రిలే, అంటే లోపలి స్విచ్చు, ఎప్పుడో ఒకసారి అతుక్కుపోతుంది, అప్పుడు హీటర్ ఆగదు. 60 వాట్లది ఆగకపోతే ట్యాంకు కాస్త ఉక్కగా ఉంటుంది. 150 వాట్లది ఆగకపోతే పొద్దున మీరు చూసేది వేరేగా ఉంటుంది. బిగించిన మొదటి రోజే, బియర్డీని బయట పెట్టి, థర్మోస్టాట్ లేకుండా నేరుగా రెండు గంటలు వెలిగించి ట్యాంకు ఎంతవరకు పోతుందో చూడండి. చల్ల పక్కన కూడా 35 దాటితే వాటేజి తగ్గించండి. కరెంటు బిల్లు భయం అక్కర్లేదు, 60 వాట్లది పన్నెండు గంటలు ఆగకుండా నడిచినా ముప్పావు యూనిట్ కన్నా తక్కువే, థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపేస్తుంది కాబట్టి అంత కూడా కాదు.

బిగించేటప్పుడు హోల్డర్ దగ్గర తప్పు చేయకండి. మన ఇళ్ళలో మామూలుగా ఉండేది పిన్ను హోల్డర్, ప్లాస్టిక్‌దో బేకలైట్‌దో. ఎమిటర్‌కి మర ఉంటుంది, ఈ27 సైజు, దానికి పింగాణీ హోల్డరే వాడాలి. ప్లాస్టిక్ హోల్డర్ మెత్తబడి కరిగి షార్ట్ అవుతుంది. పిన్ను నుంచి మరకి మార్చే అడాప్టర్ కూడా ప్లాస్టిక్‌దే, అదీ వద్దు. వైరు వేడికి తట్టుకునేది వేయమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, "బల్బుకే కదా" అని సన్న వైరు వేసేస్తారు. మూతకి నైలాన్ దోమల మెష్ కొట్టించి ఉంటే దాని మీద ఎమిటర్ పెట్టకండి, తూట్లు పడుతుంది.

ఎమిటర్ వేడి పక్కనే, బియర్డీ ఎక్కగలిగే అతి ఎత్తైన కొమ్మకి అడుగు దూరం పైన ఉండాలి. ట్యాంకు లోపల వేలాడదీస్తే చుట్టూ ఇనుప తీగ పంజరం తప్పనిసరి. అది వెలగదు కాబట్టి వేడిగా ఉందో లేదో చూస్తే తెలియదు, కానీ పైన 200 డిగ్రీలు దాటుతుంది, ఒక్క తాకుడికి చర్మం ఊడొస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ముందే చెప్పి పెట్టండి. కొత్తది మొదటిసారి వాసన వేస్తుంది, వరండాలో కాసేపు కాల్చి తర్వాత లోపల పెట్టండి.

థర్మోస్టాట్ లేకుండా ఎమిటర్ వాడకండి, ఇందులో బేరం లేదు. సరీసృపాలకని అమ్మేవి ఖరీదు. అంత పెట్టలేనివాళ్ళకి దారి ఉంది: నాటుకోడి గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లలో, ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర కనిపించే ఎస్‌టీసీ 1000 అనే చిన్న కంట్రోలర్. 230 వోల్టుల రకం అడగండి. బిగించడం ఎలక్ట్రీషియన్‌తోనే, ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టించి, ఎమిటర్ వైరు హీటింగ్ వైపు రిలేకి కలిపించండి, కూలింగ్ వైపు కలిపితే అంతా తలకిందులవుతుంది. సెట్టింగులు ఇలా: ఎఫ్1 అంటే కావాల్సిన వేడి, పెద్దదానికి 20, పిల్లకి 22 పెట్టండి. ఎఫ్2 అంటే తేడా, 1 పెట్టండి. అప్పుడు 19కి దిగితే వెలిగి 20కి ఆగుతుంది. ఎఫ్3 కంప్రెసర్ కోసం, మనకి దాంతో పని లేదు. ఎఫ్4 అంకె సరిచేసుకోవడానికి. గ్లాసులో నలగ్గొట్టిన ఐసు నిండా వేసి కొంచెం నీళ్ళు పోసి, ప్రోబ్ (తీగ చివర ఉండే వేడి కొలిచే మొన) ముంచి కాసేపు ఉంచండి. సున్నా చూపించాలి. 1.5 చూపిస్తే ఎఫ్4లో మైనస్ 1.5 ఇవ్వండి. దాని మీద అంకెలు ఎర్రగా రాత్రంతా వెలుగుతాయి, కాబట్టి డబ్బాని ట్యాంకు వెనక్కి తిప్పి పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం ప్రోబ్ ఎక్కడుందన్నది. బియర్డీ పడుకునే చోట, దాని వీపు ఎత్తులో, కేబుల్ టై వేసి గట్టిగా బిగించండి. టేపుతో అతికిస్తే వేడికి జిగురు వదులుతుంది. ప్రోబ్ ఊడి ట్యాంకు బయట పడితే థర్మోస్టాట్ గది చలిని చూసి ట్యాంకు చల్లగా ఉందనుకుని హీటర్‌ని రాత్రంతా వెలిగిస్తూనే ఉంటుంది. నీళ్ళ గిన్నెలో పడినా అంతే. బియర్డీలు దాని మీద ఎక్కుతాయి, లాగుతాయి. రోజూ లైటు ఆర్పే ముందు ఒక్క చూపు దాని మీద వేయండి.

తేమ

ఇది మన అసలు తలనొప్పి. బియర్డీకి 30, 40 శాతం తేమ ఇష్టం. ఆగస్టు రాత్రి శ్రీకాకుళంలో తేమ కొలిచే హైగ్రోమీటర్ 80 పైన చూపిస్తుంది, 40కి తేవడం మన వల్ల కాదు, ఆ అంకె కోసం నిద్ర పాడుచేసుకోకండి. చేయగలిగింది గాలి ఆడించడం. మూత మొత్తం మెష్ ఉండాలి. గాజు అక్వేరియం అయితే గాలి అడుగునే నిలబడిపోతుంది, కంప్యూటర్లో వాడే చిన్న ఫ్యాన్ ఒకటి మెష్ మీద బయటికి గాలి లాగేలా పెట్టండి, లోపలికి ఊదేలా కాదు. గది ఫ్యాన్ నెమ్మదిగా తిరగనివ్వండి. కొబ్బరిపీచు పొట్టు మనకి చవగ్గా దొరుకుతుంది గదా అని అడుగున పరుస్తారు, అది తేమని పట్టి ఉంచుతుంది. వానాకాలం మొత్తం గరుకు టైల్స్ గానీ పాత న్యూస్‌పేపర్ గానీ వేయండి, పేపర్ రోజూ మార్చండి.

గది 26 డిగ్రీలుండి తేమ 85 ఉంటే ఎమిటర్ పెట్టి ఆరబెడదామనుకోకండి. ఉక్కలో ఉక్క అవుతుంది. ఫ్యానే మందు.

దోమల మందు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, రాత్రి విషయమే కాబట్టి. కాయిల్స్, గోడకి పెట్టే లిక్విడ్ మిషన్లు ట్యాంకు ఉన్న గదిలో వద్దు. అందులో మందు దోమల్ని చంపుతుంది, మీ క్రికెట్లనీ చంపుతుంది, బియర్డీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. సాంబ్రాణి పొగ కూడా వేరే గదిలో. మీరు దోమతెరలో పడుకోండి, గుట్టుచప్పుడు కాకుండా సమస్య తీరుతుంది.

కరెంటు పోతే

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను కాలం మనకి అక్టోబరు, నవంబరు. ఆ రోజుల్లో రాత్రులు అంత చల్లగా ఉండవు, కాబట్టి వేడి గురించి కన్నా తిండి గురించి ఆలోచించండి. పగలు ఎండకాగే లైటు లేకపోతే పురుగులు పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బియర్డీ రెండు మూడు రోజులు తినకపోతే ఏమీ కాదు, తిని అరక్కపోతేనే చిక్కు. వాన తగ్గి ఎండ వస్తే మీ కళ్ళ ముందే వరండాలో కూర్చోబెట్టండి, కాకులు, గద్దలు, పిల్లులు ఉంటాయి గనక వదిలి లోపలికి పోకండి.

జనవరి రాత్రి కరెంటు పోతే అది వేరే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎమిటర్‌ని దాని లైన్లో కలపండి. 150 ఏహెచ్ బ్యాటరీకి 60 వాట్లు పెద్ద భారం కాదు, రాత్రంతా నడిపినా సగం లోపే పోతుంది. ఎమిటర్ ఏ ఇన్వర్టర్ మీదైనా నడుస్తుంది, కానీ థర్మోస్టాట్, టైమర్, యూవీబీ ట్యూబు చోకు సైన్‌వేవ్ ఇన్వర్టర్ మీదే సుఖంగా ఉంటాయి.

ఇన్వర్టర్ లేనివాళ్ళు ఒక థర్మోకోల్ పెట్టె తెచ్చిపెట్టుకోండి. చేపలు, రొయ్యలు ఐసులో పంపే పెట్టెలు రేవుల దగ్గర, చేపల మార్కెట్ల దగ్గర దొరుకుతాయి, బాగా కడిగి ఎండబెట్టండి. పక్కలకి నాలుగైదు కన్నాలు పెట్టండి. గోరువెచ్చటికన్నా కాస్త ఎక్కువ వేడి నీళ్ళు సీసాలో పోసి, తువ్వాలు రెండు చుట్లు చుట్టి ఒక మూల పెట్టండి, రెండో మూల ఖాళీగా ఉండాలి, వేడెక్కువైతే అది తప్పుకోవడానికి. బియర్డీని పాత కాటన్ చీర ముక్క మీద పడుకోబెట్టి మూత కాస్త తెరిచి వేయండి. మరిగే నీళ్ళు వద్దు. కొవ్వొత్తి, కిరసనాయిలు దీపం, బొగ్గుల కుంపటి ట్యాంకు గదిలోకి తేవద్దు, నిప్పు ఒక భయమైతే పొగ, విషవాయువు ఇంకో భయం, మీకు కూడా.

పొద్దున్న ఏం చూడాలి

నిద్రలో బియర్డీ రంగు పాలిపోయి ఉంటుంది, అది మామూలే. గాజుకి ఆనుకుని నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి పడేసి పడుకుంటుంది, చూసేవాళ్ళకి ప్రాణం పోయిందేమో అనిపిస్తుంది. పక్కింటావిడ చూసి "ఏటమ్మా, ఉడుం చచ్చిపోనాదేటి" అంటే కంగారు పడకండి. (ఉడుమంటే గుర్తొచ్చింది, మన ఉడుము వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, పెంచడం నేరం. మీది ఉడుం కాదని చెప్పడానికి కొన్న బిల్లు దాచుకోండి.)

లైటు వెలగగానే నల్లబడి, పొట్ట పలకగా చేసి ఎండకాగుతుంది, నలుపు రంగు వేడిని తొందరగా పట్టుకోవడానికి. గంటలోపు కళ్ళు చురుగ్గా అయి కదలాలి. ఎండకాగే చోట నోరు తెరవడం మామూలే, వేడి ఎక్కువై వదులుకుంటోంది. చల్లటి రాత్రి, లైటు లేనప్పుడు నోరు తెరిచి ఉంటే, నోటి దగ్గర బుడగలు, జిగురు కనిపిస్తే, ఊపిరి తీస్తుంటే గరగర శబ్దం వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. పశువుల ఆసుపత్రిలో గేదెలు, కోళ్ళు చూసే డాక్టర్‌కి ఇది కొత్త కావచ్చు, అందుకే సరీసృపాలు చూసేవాళ్ళు విశాఖలో ఎవరున్నారో జబ్బు రాకముందే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి.

డిసెంబరు, జనవరిలో ఏడాది దాటిన బియర్డీ తిండి తగ్గించి మూలన పడి ఎక్కువగా నిద్రపోతే అది చలికాలపు నిద్ర కావచ్చు, మన కొద్దిపాటి చలికి కూడా వస్తుంది. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచండి. బరువు దాదాపు అలాగే ఉంటే దాని మానాన వదిలేయండి, లైట్ల టైమర్ మాత్రం నడవాలి. బరువు పడిపోతుంటే నిద్ర కాదు, జబ్బో పొట్టలో పురుగులో, పేడ పరీక్ష చేయించాలి. ఏడాది లోపుది ఇలా చేస్తే ఎదురు చూడకుండా చూపించండి.

ఎండాకాలం రాత్రులు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రశ్న తిరగబడుతుంది. పై అంతస్తులో శ్లాబ్ కింద గది రాత్రి పదింటికి కూడా 32, 33 ఉంటుంది, బియర్డీకి చల్లబడే సమయమే దొరకదు. ఎమిటర్ ప్లగ్ పీకేసి ఉందో లేదో ముందు చూడండి. ట్యాంకుని కింది అంతస్తుకి, ఉత్తరపు గదికి మార్చండి. పగటి వేడి బల్బు వాట్లు తగ్గించండి, గది వేడికే ఎండకాగే చోటు 40 దాటిపోతుంది. రాత్రి గాలి ఆడితే 28 వరకు అది తట్టుకుంటుంది. ఏసీ గదైతే 25, 26 పెట్టుకోండి, గాలి నేరుగా ట్యాంకు మీద పడకుండా రెక్కలు పైకి తిప్పండి, ఏసీతో తేమ కూడా తగ్గుతుంది, అది లాభమే. మీరు ఏసీ 20కి పెట్టుకుని పడుకునేవాళ్ళయితే ఎండాకాలంలో కూడా థర్మోస్టాట్ తీయకండి.